పిల్లల్లో ఫ్యాటీ లివర్: ఎస్‌జీపీటీ కాగితం ఎలా చదవాలి, మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఎంతవరకు వచ్చింది

పాఠకుల ప్రశ్నలకు ఈ నెల పిల్లల కాలేయ వైద్యులు, ల్యాబ్ నిపుణులు, పోషకాహార నిపుణులు కలిసి ఇచ్చిన జవాబులు.

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు. ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. కడుపునొప్పి అంటుంటే స్కానింగ్ తీయించాం. 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని రాశారు. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ 41 వచ్చింది. కాగితం మీద 45 వరకు నార్మల్ అని ఉంది కాబట్టి పర్వాలేదన్నారు. మా ఆడపడుచు కొడుకు మాత్రం మైక్రోఆర్‌ఎన్‌ఏ అని కొత్త రక్తపరీక్ష వచ్చిందట, కాలేయం సంగతి ముందే తెలిసిపోతుందట, చేయించమంటున్నాడు. చేయించమంటారా? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: వద్దమ్మా, ఆ పరీక్షకు డబ్బు పెట్టకండి. మీ చేతిలో ఉన్న కాగితాన్ని సరిగ్గా చదివితే ఇప్పటికి కావలసింది చాలావరకు అందులోనే ఉంది.

ముందు ఆ 45 సంగతి. ఎస్‌జీపీటీ (దీన్నే ఏఎల్‌టీ అని కూడా రాస్తారు) కాలేయ కణాల్లో ఉండే ఎంజైమ్, కణాలు దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది. ల్యాబులు ముద్రించే హద్దు ఎక్కువగా పెద్దవాళ్ల రక్తం చూసి పెట్టుకున్నది. ఆ పెద్దవాళ్లలో తమకు కాలేయంలో కొవ్వుందని తెలియనివాళ్లు కూడా కలిసిపోయి ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో లెక్క కట్టినప్పుడు ఎస్‌జీపీటీ గరిష్ఠ హద్దు మగపిల్లలకు సుమారు 26, ఆడపిల్లలకు 22 యూనిట్లని తేలింది. 2017లో ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు ఈ అంకెలనే వాడమంటున్నాయి. ఆ లెక్కన మీ బాబుకు వచ్చిన 41 నార్మల్ కాదు, హద్దుకు ఒకటిన్నర రెట్లు దాటింది. 'పర్వాలేదు' అన్న మాట దగ్గర ఆగిపోవద్దు.

అలాగని కంగారూ వద్దు. అదే మార్గదర్శకాల ప్రకారం మగపిల్లల్లో 52, ఆడపిల్లల్లో 44 దాటి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే కారణాలన్నీ వెతకాలి. 80 దాటితే మూడు నెలలు ఆగకుండా వెంటనే చూపించాలి. మీవాడు ఈ రెండింటికీ కింద ఉన్నాడు. పిల్లల వైద్యుడికి చూపించి, తిండి, ఆట మార్చి, మూడు నెలలకు మళ్లీ ఎస్‌జీపీటీ చేయించండి. దాంతోపాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు రక్తచక్కెర), పరగడుపున కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, బీపీ ఒకసారి చూడాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనో, స్కూల్లో ఆటల పోటీలు అయిన మర్నాడో రక్తం ఇవ్వొద్దు. ఎస్‌జీపీటీ కండరాల్లోనూ కొంత ఉంటుంది, బాగా అలిసినప్పుడు ఆ అంకె పెరుగుతుంది.

బాబు మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి, తాకితే మందంగా ఉందేమో చూడండి. చాలామంది అది మురికనుకుని సున్నిపిండితో రుద్దుతుంటారు. రుద్దితే పోయేది కాదది. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక, దాని మోతాదు పెరిగిపోయిందనడానికి గుర్తు. కనిపిస్తే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

స్కానింగ్‌లో రాసిన 'గ్రేడ్ 1' మీద ఎక్కువ ఆధారపడకండి. అల్ట్రాసౌండ్‌లో కాలేయం ఎంత తెల్లగా మెరుస్తోందో కంటితో చూసి గ్రేడ్ రాస్తారు. కొవ్వు 20 శాతం లోపు ఉంటే అది చాలాసార్లు దొరకదు. లావుగా ఉన్న పిల్లల్లో ఇంకా కష్టం. అందుకే ఆ మార్గదర్శకాలు మొదటి వడపోతకు స్కానింగ్‌ను కాక ఎస్‌జీపీటీని ఎంచుకున్నాయి.

ఇక మైక్రోఆర్‌ఎన్‌ఏ. అది ఊహాగానం కాదు, గట్టి విజ్ఞానమే. మన కణాల్లో జన్యువు నుంచి ప్రొటీన్ తయారయ్యే దారిలో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. సుమారు 22 అక్షరాల పొడవున్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు దానికి అతుక్కుని ప్రొటీన్ తయారీని తగ్గిస్తాయి. వాటిని 1993లో ఒక చిన్న పురుగులో కనుగొన్నందుకే విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024 నోబెల్ బహుమతి వచ్చింది. కాలేయ కణాల్లో ఉండే మైక్రోఆర్‌ఎన్‌ఏల్లో సుమారు 70 శాతం ఒక్కటే రకం, దాని పేరు మిర్-122. కణం దెబ్బతిన్నప్పుడు అది రక్తంలోకి కారుతుంది. ఊబకాయంతో పాటు ఫ్యాటీ లివర్ ఉన్న పిల్లల రక్తంలో మిర్-122 ఎక్కువగా ఉంటోందని, ఎస్‌జీపీటీతో పాటే పెరుగుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. మిర్-34ఎ అనే మరో మైక్రోఆర్‌ఎన్‌ఏ మీదా ఇలాంటి ఫలితాలున్నాయి.

చిక్కంతా అక్కడే ఉంది. ఎస్‌జీపీటీతో పాటే పెరిగేదైతే, తక్కువ ఖర్చుకు ప్రతి ఊళ్లో దొరికే ఎస్‌జీపీటీ కన్నా అది అదనంగా ఏం చెబుతుందో తేలాలి. పైగా పిల్లలకు 'ఇంత దాటితే జబ్బు' అని అందరూ ఒప్పుకున్న హద్దు మిర్-122కు ఇంకా లేదు. హద్దు లేని అంకె చేతికొస్తే మీ డాక్టరు దాన్ని చూసి చికిత్సలో మార్చేదేమీ ఉండదు.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం పిల్లల ఫ్యాటీ లివర్, మైక్రోఆర్‌ఎన్‌ఏల మీద వ్యాసాలు చదివాను. ఒకరు పెరిగిందన్న మైక్రోఆర్‌ఎన్‌ఏను ఇంకొకరు తగ్గిందంటున్నారు. ఎందుకిలా? నేను చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ఈ తేడాల్లో చాలా భాగం రక్తం తీసిన గదిలోనే మొదలవుతాయి. అందుకే వివరంగా చెబుతున్నాం.

మొదటిది ట్యూబు. ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబు వాడండి. ఆకుపచ్చ మూత ట్యూబులో హెపారిన్ ఉంటుంది, అది పీసీఆర్ (మైక్రోఆర్‌ఎన్‌ఏను కొలిచే పరీక్ష) ఎంజైమ్‌కు అడ్డుపడుతుంది. సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వాడాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలోని మైక్రోఆర్‌ఎన్‌ఏలను బయటికి వదులుతాయి. కాబట్టి ఒకే పిల్లవాడి సీరమ్, ప్లాస్మా అంకెలు ఒకటి కావు. ఒక వ్యాసం సీరమ్‌తో, ఇంకొకటి ప్లాస్మాతో చేసి ఉంటే వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎర్ర రక్తకణాలు పగలడం. పిల్లలు ఏడుస్తూ చెయ్యి లాక్కుంటారు, సన్నని సూది వాడతాం, సిరంజి గట్టిగా లాగుతాం. అక్కడే కణాలు పగులుతాయి. సెంట్రిఫ్యూజ్ తర్వాత ట్యూబును తెల్లకాగితం ముందు పట్టుకుని చూడండి. ప్లాస్మా గడ్డిపసుపు రంగులో ఉండాలి. లేత గులాబీ ఛాయ కనిపించినా ఆ నమూనా అనుమానాస్పదమే. కంటికి అందని పగుళ్లూ ఉంటాయి కాబట్టి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 414 నానోమీటర్ల దగ్గర చదవండి. 0.2 దాటితే చాలా ల్యాబులు ఆ నమూనాను పక్కన పెడతాయి. ఇంకో పద్ధతి ఉంది. మిర్-451ఎ ఎర్ర కణాల్లో దండిగా ఉంటుంది, మిర్-23ఎ పగుళ్లకు పెద్దగా మారదు. సీటీ విలువ అంటే పీసీఆర్‌లో ఎన్నో చక్రానికి సంకేతం కనిపించిందో చెప్పే అంకె, అది తక్కువైతే పదార్థం ఎక్కువున్నట్టు. మిర్-23ఎ సీటీ విలువలోంచి మిర్-451ఎ సీటీ విలువ తీసేయండి. తేడా 7 దాటితే కణాలు పగిలాయని అనుమానించాలి.

ఇది ఫలితాన్ని తలకిందులు ఎలా చేస్తుందో చూడండి. చాలామంది లెక్క సరిచేయడానికి మిర్-16ను ఆధారంగా తీసుకుంటారు. మిర్-16 ఎర్ర కణాల్లో బోలెడు ఉంటుంది. కణాలు పగిలిన నమూనాలో మిర్-16 పెరుగుతుంది, మిర్-122 మాత్రం ఉన్నంతే ఉంటుంది. దాన్ని మిర్-16తో పోల్చి లెక్క వేస్తే మిర్-122 తగ్గినట్టు కనిపిస్తుంది. పిల్లవాడి కాలేయంలో ఏ మార్పూ లేకపోయినా కాగితం మీద 'తగ్గింది' అని వస్తుంది. ఊబకాయం ఉన్న పిల్లల చేతిలో నరం దొరకడం కష్టం కాబట్టి ఆ గుంపులోనే పగుళ్లు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు పొరపాటు రెండు గుంపుల్లో సమానంగా పడక ఒకే వైపు మొగ్గుతుంది. నమూనాల సంఖ్య ఎంత పెంచినా ఇది సర్దుకోదు.

మూడోది సమయం. రక్తం తీసిన రెండు గంటల్లోపు ప్లాస్మా వేరు చేయండి. ముందు సెంట్రిఫ్యూజ్‌లో 1,500 నుంచి 2,000 జీ (భూమ్యాకర్షణకు అన్ని రెట్ల బలం) దగ్గర పది నిమిషాలు తిప్పండి. పై ద్రవం తీసేటప్పుడు మధ్యలోని తెల్లపొరకు అర సెంటీమీటరు పైనే ఆగిపోండి, ఇంకో రెండు చుక్కలకు ఆశపడితే ప్లేట్‌లెట్లు వచ్చేస్తాయి. ఆ ద్రవాన్ని కొత్త ట్యూబులోకి మార్చి 10,000 జీ దగ్గర మరో పది నిమిషాలు తిప్పితే మిగిలిన ప్లేట్‌లెట్లు కిందికి దిగుతాయి. చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. ఒకే ట్యూబును పదేపదే కరిగించి గడ్డకట్టించకండి.

ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు కొంత పోతుంది, ప్రతి ట్యూబులో ఒకేలా పోదు. అందుకే లైసిస్ ద్రావణం (ఎంజైములను పనిచేయనివ్వని రసాయనం) కలిపిన తర్వాత, మనిషిలో లేని సెల్-మిర్-39 అనే పురుగు ఆర్‌ఎన్‌ఏను తెలిసిన మోతాదులో కలుపుతారు. ద్రావణం కన్నా ముందు కలిపితే ప్లాస్మాలోని ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి. సీటీ విలువలో ఒక అంకె తేడా అంటే రెండింతల తేడా, 3.3 అంటే దాదాపు పదింతలు. అర సీటీ తేడా చూపించి 'పెరిగింది' అని రాసిన వ్యాసాన్ని జాగ్రత్తగా చదవండి.

ల్యాబ్ దాటి ఇంకో ప్రశ్న ఉంది: ఎవరిని ఎవరితో పోల్చారు? సన్నగా ఉన్న పిల్లలను ఒక వైపు, ఊబకాయం, ఫ్యాటీ లివర్ రెండూ ఉన్నవాళ్లను ఇంకో వైపు పెడితే, వచ్చిన తేడా కాలేయంలోని కొవ్వుదో ఒంట్లోని కొవ్వుదో తేలదు. ఒంట్లో కొవ్వు కణాలూ మైక్రోఆర్‌ఎన్‌ఏలను వదులుతాయి. ఊబకాయం ఉన్నవాళ్లలోనే ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లను, లేనివాళ్లను పోల్చిన పని ఎక్కువ విలువైనది. ఫ్యాటీ లివర్ 'లేదు' అని ఎలా తేల్చారో కూడా చూడండి. అల్ట్రాసౌండ్‌తో తేల్చి ఉంటే, తక్కువ కొవ్వున్న పిల్లలు కొందరు 'లేనివాళ్ల' గుంపులో చేరిపోయి ఉంటారు. ఎంఆర్‌ఐతో కొవ్వు శాతం కొలిచిన పని దొరికితే దాన్ని ముందు చదవండి.

మరో సంగతి మీకు ఆసక్తిగా ఉంటుంది. ఫ్యాటీ లివర్ ముదిరి వాపు వచ్చినవాళ్ల కాలేయం ముక్కలో మిర్-122 తగ్గి ఉంటుంది, రక్తంలో పెరిగి ఉంటుంది. ఎలుకల్లో మిర్-122 జన్యువు తీసేస్తే కాలేయంలో కొవ్వు పడుతుంది. కాబట్టి రక్తంలో ఎక్కువగా కనిపించింది కదా అని దాన్నే జబ్బుకు కారణమని రాసేయకండి. ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ దొర్లే తప్పు ఇది.

ప్రశ్న: మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్ష వస్తే పిల్లలకు కాలేయం ముక్క తీసే బయాప్సీ అక్కర్లేదంటారా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇప్పటికైతే అలా చెప్పలేం. పెద్దవాళ్ల కోసం ఎన్‌ఐఎస్4 అని ఒక రక్తపరీక్ష తయారైంది. అందులో మిర్-34ఎతో పాటు ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్, వైకేఎల్-40, హెచ్‌బీఏ1సీ కలిపి ఒక స్కోరు ఇస్తారు. మైక్రోఆర్‌ఎన్‌ఏ ఒక్కటే సరిపోదని, మిగతా వాటితో కలిస్తేనే పనికొస్తుందని దీన్ని చూస్తే అర్థమవుతుంది. ఆ స్కోరు హద్దులు పెద్దవాళ్ల బయాప్సీల మీద కట్టినవి. పిల్లల కాలేయంలో జబ్బు తీరు వేరు, వాపు, మచ్చ తరచుగా రక్తనాళాలు లోపలికొచ్చే ద్వారం చుట్టూ మొదలవుతాయి. ఎముకలు పెరిగే వయసులో కొన్ని ప్రొటీన్ల మోతాదులు కూడా పెద్దవాళ్లలా ఉండవు. పెద్దల స్కోరును పిల్లలకు అతికించకూడదు.

అయినా బయాప్సీ అందరికీ అవసరం లేదు. ఎస్‌జీపీటీ బాగా ఎక్కువగా ఉండిపోయినప్పుడు, వేరే జబ్బు అనుమానం ఉన్నప్పుడు, మచ్చ పడిందని భయం ఉన్నప్పుడే ఆ ఆలోచన వస్తుంది. ఫైబ్రోస్కాన్‌తో కాలేయం గట్టిదనం చూడొచ్చు. దానికి ముందు మూడు గంటలు ఏమీ తినకూడదు, పిల్లవాడి ఛాతీకి సరిపోయే ప్రోబ్ వాడాలి.

ప్రశ్న: మేం అమెరికాలో, డల్లాస్‌లో ఉంటాం. మా పాప రిపోర్టులో పోయినసారి ఎన్‌ఏఎఫ్ఎల్‌డీ అని రాశారు, ఈసారి ఎంఏఎస్ఎల్‌డీ అంటున్నారు. జబ్బు ముదిరిందా?

జవాబు: లేదు, రెండూ ఫ్యాటీ లివర్ పేర్లే, పేరు మారిందంతే. 2023లో అంతర్జాతీయ కాలేయ సంఘాలు కలిసి పేరు మార్చాయి. 'మద్యం వల్ల కాదు' అని చెప్పే పేరు తీసేసి, జీవక్రియ లోపంతో వచ్చేదని చెప్పే పేరు పెట్టారు. పాత, కొత్త రిపోర్టులను ఒకే వరుసలో పెట్టి ఎస్‌జీపీటీ ఎటు పోతోందో చూసుకోండి. మీ చిన్నవాళ్లు ఎవరైనా 9–11 ఏళ్ల మధ్య ఉండి, ఊబకాయమో, అధిక బరువుతో పాటు ఇతర ముప్పులో ఉంటే అక్కడి డాక్టర్లు ఎలాగూ పరీక్ష అడుగుతారు, వద్దనకండి.

ప్రశ్న: మనవడికి పన్నెండేళ్లు, ఎస్‌జీపీటీ 96. లావుగా ఉన్నాడు కాబట్టి ఫ్యాటీ లివరే, బరువు తగ్గితే చాలన్నారు. ఇంకేమైనా చూడాలా? – ఒక తాతగారు, కరీంనగర్

జవాబు: తప్పకుండా చూడాలి, అదీ ఈ వారమే. లావుగా ఉన్న పిల్లలకు వేరే కాలేయ జబ్బులు రావన్న నియమమేదీ లేదు. ముఖ్యంగా విల్సన్ జబ్బు. ఒంట్లో రాగి బయటికి పోక కాలేయంలో పేరుకునే వంశపారంపర్య జబ్బు అది. స్కానింగ్‌లో అచ్చం ఫ్యాటీ లివర్‌లా కనిపిస్తుంది. మందులున్నాయి, ఆలస్యమైతే కాలేయం, మెదడు రెండూ పోతాయి. రక్తంలో రాగిని మోసే ప్రొటీన్ సెరులోప్లాస్మిన్ పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు వస్తే 24 గంటల మూత్రంలో రాగి, కంటి డాక్టరు దగ్గర స్లిట్‌ల్యాంప్ పరీక్ష అవసరం. వాటితో పాటు హెపటైటిస్ బి, సి, ఆటోఇమ్యూన్ హెపటైటిస్ యాంటీబాడీలు, థైరాయిడ్, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్షలు. కండరాల జబ్బు కాదని తేల్చుకోవడానికి సీపీకే అనే కండరాల ఎంజైమ్ పరీక్ష కూడా. బాబు స్టెరాయిడ్లు, మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు వాడుతున్నాడా అన్నది డాక్టరుకు చెప్పండి.

మిర్-122 ఇక్కడా సాయం చేయలేదు. కండరం దెబ్బతింటే అది పెరగదు, ఆ మేరకు ఎస్‌జీపీటీ కన్నా మేలే. కానీ వైరస్ వల్ల, పారాసిటమాల్ మోతాదు మించడం వల్ల, కొవ్వు వల్ల, దేనివల్ల కాలేయం దెబ్బతిన్నా పెరుగుతుంది. కారణం చెప్పదు.

ప్రశ్న: మందు ఏదైనా ఉందా? ఇంట్లో ఏం పెట్టాలి? అన్నం మానిపించమంటారా? బెల్లం వాడొచ్చా? – ఒక తల్లి, నెల్లూరు

జవాబు: పిల్లల ఫ్యాటీ లివర్‌కంటూ ఆమోదం పొందిన మందు లేదు. అమెరికాలో 173 మంది పిల్లల మీద 96 వారాల పాటు విటమిన్ ఇ, మెట్‌ఫార్మిన్ పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఎస్‌జీపీటీని తగ్గించి నిలపడంలో రెండూ ఉత్తుత్తి మాత్రను మించలేదు. లివర్ టానిక్‌ల మీద డబ్బు పెట్టొద్దు. తిప్పతీగ కషాయం అసలే వద్దు, దాన్ని వాడినవాళ్లలో కాలేయం వాచిన కేసులు 2021 నుంచి మన దేశంలోనే వైద్య పత్రికల్లో వచ్చాయి.

పని చేస్తుందని బాగా రుజువైంది చక్కెర తగ్గించడం. 11–16 ఏళ్ల మగపిల్లలు 40 మందిలో సగం మందికి ఎనిమిది వారాలు, కలిపిన చక్కెర మొత్తం కేలరీల్లో 3 శాతం లోపు ఉండేలా భోజనం ఇచ్చారు. కాలేయంలో కొవ్వు సగటున 25 నుంచి 17 శాతానికి దిగింది. మామూలు తిండి తిన్నవాళ్లలో 21 నుంచి 20కే దిగింది. 2019లో ప్రచురించిన ఈ పరిశోధనలో మనం పట్టుకోవలసిన విషయం ఒకటుంది: ఇంటిల్లిపాదికీ అదే తిండి పెట్టారు. నాన్నకు మిక్చరు, బాబుకు కీరదోస ముక్కలు అంటే ఏ ఇంట్లోనూ సాగదు.

చక్కెరలో సగం ఫ్రక్టోజ్. దాన్ని ఎక్కువగా కాలేయమే పట్టుకుని, మిగులుని కొవ్వుగా మారుస్తుంది. బెల్లం, తేనె, చెరకురసం ఈ విషయంలో పంచదారకు చుట్టాలే. రంగు మారినా కాలేయానికి తేడా తెలియదు. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. పిల్లలకు రోజు మొత్తానికి హద్దే 25 గ్రాములు. ప్యాకెట్ పండ్లరసం, పాలలో కలిపే చాక్లెట్ పొడులు, బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ డబ్బాల వెనక 'యాడెడ్ షుగర్' అంకె చదవండి. 'సహజం' అని ముందు రాసి ఉన్నా సరే. జామ, బత్తాయి, బొప్పాయి పండుగానే తిననివ్వండి, రసం తీయొద్దు.

అన్నం మానిపించక్కర్లేదు. వండిన అన్నం పూటకు ఒక కప్పు, అంటే 150–200 గ్రాములు, దానికి సమానంగా కూర, ఒక గిన్నె చిక్కటి పప్పో, గుడ్డో, చేపో. కూరను ముందు వడ్డించండి, అన్నం తర్వాత. ఇడ్లీ మూడు చాలు, సాంబారు ఎక్కువ పోయండి. పెసరట్టు మంచిది, లోపల ఉప్మా పెట్టకుండా. వేపుళ్లు వారానికి ఒకసారి. పాలు పంచదార లేకుండా మొదటి వారం వద్దంటారు. పూర్తిగా ఒక్కసారే మానిపిస్తే గొడవ ఎక్కువ, చెంచా నుంచి అర, పావుకు రెండు వారాల్లో దించండి.

రోజుకు 60 నిమిషాలు చెమట పట్టే ఆట. ఒకేసారి కుదరకపోతే ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు. ఫోను, టీవీ కలిపి రెండు గంటలు దాటొద్దు, పడుకునే గదిలో ఫోను ఉండొద్దు.

ఎదిగే పిల్లవాడికి కిలోలు తగ్గాలని పట్టుబట్టకండి. మొదటి ప్రశ్నలోని బాబునే తీసుకోండి. 142 సెంటీమీటర్లు, 58 కిలోల దగ్గర బీఎంఐ 28.8. బరువు అక్కడే ఆపగలిగితే, 148 సెంటీమీటర్లకు ఎదిగేసరికి అది 26.5కు దిగుతుంది. తూకం నెలకోసారి, ఒకే తరాజు మీద, ఉదయం. బొజ్జ చుట్టుకొలత ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండాలి, టేపుతో అదీ కొలవండి.

ప్రశ్న: మా పాప చూపించుకునే ఆస్పత్రిలో మైక్రోఆర్‌ఎన్‌ఏ పరిశోధన కోసం రక్తం ఇస్తారా అని అడిగారు. ఇవ్వొచ్చా? – ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ఇవ్వండి. పిల్లలకు తగ్గ హద్దులు ఇలాంటి నమూనాల నుంచే రావాలి. ఇచ్చేముందు అడగండి: సంస్థాగత ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం ఉందా, ఎన్ని మిల్లీలీటర్లు తీస్తారు, మామూలు పరీక్షలకు తీసే సూదితోనే కలిపి తీస్తారా, మధ్యలో మానుకుంటామంటే చికిత్సలో తేడా ఉండదని రాసిస్తారా, మిగిలిన నమూనాను ఎంతకాలం దాస్తారు. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి. పాపకు ఏడేళ్లు దాటితే తనకూ చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇలాంటి పరిశోధనకు మీ దగ్గర డబ్బు అడిగితే ఒప్పుకోకండి. పరిశోధన ఫలితం మీ చేతికి రాకపోవచ్చు. కాబట్టి అదే రోజు, అదే రక్తంలో ఎస్‌జీపీటీ కూడా చేసి ఆ కాగితం మీకివ్వమని అడగండి.